చీటీ వేయాలా, ఎంతకి పాడాలి, ఎత్తాక ఏంటి: అందరూ పదేపదే అడిగే ప్రశ్నలు

మా అమ్మ తెనాలిలో ఇంటి వరండాలో చీటీలు నడిపేది, నేనేమో తర్వాత ఎకనామిక్స్ చదివాను, దాంతో చుట్టాల్లో అయినా అపార్ట్‌మెంట్‌లో అయినా ఎవరికి చీటీ డౌటొచ్చినా నాకే ఫోన్ చేస్తారు. అడిగేవి అవే ప్రశ్నలు, చెప్పేవి అవే జవాబులు, అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు.

లెక్కలు చెప్పాల్సొచ్చినచోట ఒకటే చీటీ తీసుకున్నా. 20 మంది, నెలకి 5,000, 20 నెలలు, లక్ష చీటీ. మొదటి నెల నడిపే ఆవిడ పాట లేకుండా పూర్తి లక్ష తీసుకుంటుంది, వేరే కమిషన్ లేదు. రెండో నెల నుంచి పాట, అంటే లక్షలో ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే ఆ నెల మిగతా డబ్బు వాళ్ళది, దాన్నే చీటీ ఎత్తడం అంటారు. పాడినవాళ్ళు వదులుకున్న డబ్బు 20 మందికీ సమానంగా పంచేస్తారు, అంటే ఆ నెల వాయిదాలో అంత తగ్గుతుంది. 2 నుంచి 6వ నెల దాకా పాటలో 25,000 పోతుంది అనుకుందాం, 7 నుంచి 12 దాకా 15,000, 13 నుంచి 19 దాకా 6,000, ఆఖరి నెల పాట ఉండదు. మీ ఊళ్ళో అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి ఇదే.

## చేరకముందు

అసలు చీటీ అంటే దాచుకోవడమా, అప్పు చేయడమా?

రెండూ. మీరు ఏ నెలలో ఎత్తుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎత్తనంతకాలం మీరు మిగతా వాళ్ళకి అప్పిస్తున్నట్టు, ఎత్తిన రోజు నుంచి వాళ్ళందరికీ మీరు బాకీ ఉన్నట్టు. చేరేముందే "నేను ఇందులో అప్పిచ్చేదాన్నా, తీసుకునేదాన్నా" అని తేల్చుకోవాలి, చాలామంది ఇది తేల్చుకోకుండానే చేరిపోతారు, తర్వాత పాటలో ఎవరో రెచ్చగొడితే అవసరం లేకపోయినా ఎత్తేసుకుంటారు.

మరి దాచుకునేవాళ్ళని, అప్పు కావాల్సినవాళ్ళని ఒకేచోట కూర్చోబెట్టడం వల్ల ఏమొస్తుంది అంటే, ఇలా చూడండి. 20 మందికి తలా ఒక లక్ష బండి కావాలి, నెలకి 5,000 మిగులుతుంది. ఎవరికి వాళ్ళు ఇంట్లో దాచుకుంటే అందరూ ఇరవయ్యో నెలలోనే కొంటారు. అదే చీటీ వేసుకుంటే నెలకొకరు కొంటారు, ఆఖరి మనిషి కూడా ఇరవయ్యో నెలకే కొంటాడు, అతనికి పోయిందేమీ లేదు, మిగతా 19 మందికి ముందే వచ్చింది. సగటున పదిన్నర నెలలు. బయటి నుంచి ఒక్క రూపాయి రాలేదు, ఎవరో ఒకరి బీరువాలో ఊరికే పడుండే డబ్బు పడుండకుండా తిరిగింది, అంతే. బెస్లీ, కోట్, లౌరీ అనే ముగ్గురు ఎకనామిస్టులు 1993లో లెక్కలు కట్టి చూపించింది ఇదే, మన అమ్మమ్మలు లెక్క కట్టకుండానే నడిపేశారు.

ఇందులో ఎకనామిక్స్ ఏముందండీ, ఇది కామన్‌సెన్సే కదా?

ఎకనామిక్స్ అంటే బడ్జెట్లు, షేర్లు మాత్రమే కాదు. మనిషి ఒకటి కావాలంటే ఇంకోటి ఏం వదులుకుంటున్నాడు, ఏ భయం వల్ల మాట మీద నిలబడతాడు, ఏ ఆశ వల్ల తప్పుతాడు, ఇవన్నీ అందులోవే. చీటీలో ఇవన్నీ ఒక గదిలో ఒక గంటలో కనిపిస్తాయి, అందుకే నాకు చీటీ అంటే ఇంత ఇష్టం.

బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) ఉండగా చీటీ ఎందుకు? చదువుకున్నవాళ్ళు కూడా వేస్తారా?

వేస్తారు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా వేస్తారు. ఆర్‌డీ మధ్యలో ఆపేస్తే బ్యాంకులో ఎవరూ ఏమీ అనుకోరు, కొంచెం వడ్డీ తగ్గుతుంది, అదీ కనపడదు. చీటీ వాయిదా ఐదో తారీఖు దాటితే మాత్రం ఇంటికి మనిషి వస్తుంది, గేటు దగ్గర నిలబడి "ఏమ్మా కుదర్లేదా" అంటుంది, పక్కింటివాళ్ళు వింటారు. ఆ మొహమాటం కోసమే మనం చీటీ వేస్తాం. రేపు మన మనసు మారుతుందని మనకి ఇవాళే తెలుసు కాబట్టి మన చేతులు మనమే కట్టేసుకోవడం అన్నమాట.

ఇదేదో చదువురానివాళ్ళ అలవాటు అనుకోకండి. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదారులకి, పెట్టుకున్న తేదీ వచ్చేదాకా గానీ అనుకున్న మొత్తం అయ్యేదాకా గానీ డబ్బు తీయడానికి వీల్లేని ఖాతా ఇస్తామంటే, ఎక్కువ వడ్డీ ఏమీ లేకపోయినా 28 శాతం మంది తీసుకున్నారు. 2006లో వచ్చిన పరిశోధన అది. తాళం వేసి తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడానికి జనం సిద్ధంగానే ఉంటారు. మీకు క్రమశిక్షణ గట్టిగా ఉంటే, జీతం పడ్డరోజే డబ్బు కట్ అయిపోయేట్టు పెట్టుకుని దాని జోలికి పోకుండా ఉండగలిగితే మీకు చీటీ అక్కర్లేదు, నిజంగానే అక్కర్లేదు.

లక్ష చీటీకి 12 వేలు లాభం అంటున్నారు, ఇది ఎక్కువా తక్కువా?

20 మంది లక్ష చీటీలో పాటలో పోయిన డబ్బు పంచుకోగా మనిషి మొత్తం కట్టేది 87,150 అవుతుంది. ఆఖర్న ఎత్తినవాళ్ళకి లక్ష వస్తుంది, అంటే 12,850 మిగులు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. 87 వేల మీద 12 వేలంటే ఇరవై నెలల్లో పధ్నాలుగున్నర శాతం చిల్లర, ఏడాదికి తొమ్మిది శాతం కూడా లేదు అని తీసిపారేస్తారు. కానీ ఆ 87 వేలు మొదటి రోజే పెట్టలేదు కదా, మొదటి 5,000 పంతొమ్మిది నెలలు ఉంది, ఆఖరి వాయిదా ఒక్కరోజు కూడా లేదు. సగటున చూస్తే మీ రూపాయి చీటీలో ఉన్నది తొమ్మిది నెలలే. అలా లెక్కేస్తే నూటికి నెలకి దాదాపు రూపాయిన్నర వడ్డీ గిట్టింది. అది బ్యాంకు డిపాజిట్ కంటే బాగా ఎక్కువ.

ఎక్కువ ఎందుకొచ్చింది అని కూడా అడగాలి. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కి ఐదు లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది, 2020లో లక్ష నుంచి ఐదుకి పెంచారు. చీటీకి అది లేదు. ఆ ఎక్కువ వడ్డీలో కొంత భాగం మీరు మోస్తున్న రిస్కుకి ఖరీదు.

నడిపే ఆవిడకి మొదటి చీటీ ఊరికే ఎందుకు ఇవ్వాలి? ఆవిడ పెట్టుబడి ఏముంది?

ఆవిడ కూడా అందరిలాగే 87,150 కడుతుంది, కానీ లక్ష మొదటి నెలలోనే తీసుకుంటుంది. అంటే 12,850 మిగలడమే కాకుండా వడ్డీలేని డబ్బు ఏడాదిన్నర పైగా చేతిలో ఉంటుంది. చూడ్డానికి చాలా ఎక్కువే. దానికి బదులు ఆవిడ చేసేదేంటంటే, ఎవరు కట్టకపోయినా పాడినవాళ్ళకి ఆ రోజు పూర్తి డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి. మిగతా 19 మంది రిస్కు ఆవిడ ఒక్కతే కొనుక్కుంది.

మా ఇంట్లో ఇది నేను కళ్ళారా చూశాను. ఒకాయన మూడో నెలలో చీటీ ఎత్తి, ఇంకో నాలుగైదు చోట్ల కూడా తీసుకుని, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేశాడు. ఆ నెల పాడిన ఆవిడ కూతురి పెళ్ళి పది రోజుల్లో ఉంది. అమ్మ ఆ రాత్రి చీటీ పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చుంది, పొద్దున్నే రెండు చేతుల గాజులు తీసి రుమాల్లో మూటగట్టి బజారుకెళ్ళింది, సాయంత్రానికి డబ్బు ఇచ్చేసింది. తర్వాత చాన్నాళ్ళు మట్టిగాజులే వేసుకుంది. కానీ ఆ తర్వాత చీటీ మొదలుపెడితే సభ్యులు నిండడానికి రెండు రోజులు పట్టేది కాదు. నడిపేవాళ్ళ పెట్టుబడి ఆ పేరే. కాబట్టి మొదటి చీటీ ఎందుకు ఇవ్వాలి అని కాదు, ఎవరైనా ఎగ్గొడితే ఈవిడ దగ్గర నింపే స్తోమత ఉందా అని అడగండి. సొంతిల్లు, నికరమైన ఆదాయం, ఆ వీధిలో ఎన్నాళ్ళుగా ఉంటున్నారు, ఇవి చూడండి.

తెలిసినావిడ దగ్గర వేయాలా, రిజిస్టర్డ్ కంపెనీలో వేయాలా?

చట్టం సంగతి ముందు చెప్తా. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టాలంటే ముందే అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయాలి, నడిపేవాళ్ళు చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ రిజిస్ట్రార్ దగ్గర చూపించాలి, కమిషన్ 7 శాతం దాటకూడదు. 2019 సవరణకి ముందు అది 5 శాతం. అదే సవరణలో ఒక మనిషి సొంతంగా నడపగలిగే చీటీల పరిమితి లక్ష నుంచి 3 లక్షలకి పెంచారు. వీధుల్లో నడిచే చీటీలు చాలావరకు ఈ రిజిస్ట్రేషన్ లేనివే, అంటే రేపు తేడా వస్తే మీ చేతిలో కాగితం బలం తక్కువ.

ఇక ఎకనామిక్స్ వైపు నుంచి చూస్తే, కంపెనీకి చట్టం ఉంది కానీ మీతో పాటు చీటీలో ఉన్న మిగతావాళ్ళెవరో మీకు తెలీదు. తెలిసినావిడ దగ్గర చట్టం లేదు కానీ ఎవరి పరిస్థితి ఏంటో ఆవిడకి తెలుసు, ఫలానా ఇంట్లో ఉద్యోగం పోయిందని బ్యాంకు కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, పోతే ఏడ్చి ఊరుకోగలిగినంత మొత్తానికే తెలిసినవాళ్ళు, పెళ్ళి డబ్బు, ఇంటి డబ్బు లాంటి పెద్ద మొత్తాలకి రిజిస్టర్డ్ చీటీ, అదీ ఆ గ్రూపుకి రిజిస్ట్రేషన్ కాగితం కళ్ళతో చూశాకే. కంపెనీ పెద్దదా చిన్నదా, బోర్డు ఎంత పెద్దగా ఉంది అన్నది కాదు, మీరు చేరే గ్రూపుకి అనుమతి ఉందా లేదా అన్నదే.

మా ఆయనకి తెలియకుండా నెలకి రెండు వేలు చీటీ కడుతున్నా, తప్పు చేస్తున్నానా?

తప్పనను. నైరోబీలో కిబేరా అనే పెద్ద మురికివాడలో ఆడవాళ్ళు ఇలాంటి చీటీల్లో ఎందుకు చేరుతున్నారో ఆండర్సన్, బలాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూసి 2002లో రాశారు. ఇంట్లో డబ్బుంటే భర్త చేతిలో వెంటనే ఖర్చైపోతుంది, చీటీలో ఉంటే అడిగినా ఇవ్వడానికి ఉండదు, అందుకే చేరుతున్నారని వాళ్ళు చెప్పింది. పోపుల డబ్బాలో దాచింది దొరికిపోతుంది, చీటీలో ఉన్నది దొరకదు. మన దగ్గర ఈ మాట ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మీకేమైనా అయితే ఆ డబ్బు ఉందన్న సంగతే ఎవరికీ తెలియకుండా పోతుంది. అమ్మకో, అక్కకో, పెద్ద పిల్లకో చీటీ వివరం, ఎవరి దగ్గర, ఎన్నో నెల అన్నది చెప్పి ఉంచండి.

నెలకి ఎంత చీటీ వేయొచ్చు?

ఒక నెల జీతం రాకపోయినా అప్పు చేయకుండా కట్టగలిగినంత. చీటీ వాయిదా కోసం వడ్డీకి అప్పు తెచ్చేవాళ్ళని చూశాను, రూపాయిన్నర వడ్డీ కోసం మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నట్టు. ఇంట్లో క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి, కార్డు వడ్డీ చాలావరకు నెలకి నూటికి మూడు రూపాయల పైనే ఉంటుంది, ఏ చీటీ దానికి సరితూగదు.

## పాటలో

ఎంతకి పాడాలి? ఏదైనా లెక్క చెప్పండి

ఈ డబ్బు ఇంకెక్కడైనా తెస్తే మీకు ఎంత వడ్డీ పడుతుందో అదే మీ హద్దు. రెండో నెలలో 25,000 వదులుకుని పాడారనుకోండి. చేతికి 75,000. ఆ నెల వాయిదా 3,750, ముందు నెల మీరే కట్టిన 5,000 తీసేస్తే నిజంగా మీకు దొరికిన అప్పు 66,250. తర్వాత 18 నెలల్లో మీరు కట్టేది 78,400. ఇది నూటికి దాదాపు రూపాయి ముప్పావు వడ్డీ. ఇంట్లో బంగారం ఉండి బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకి లోను వస్తుంటే చీటీ పాడటం దండగ. వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయలు అంటుంటే మాత్రం చీటీ చాలా నయం.

ఇప్పుడు అదే పాటలో మాట మీద మాట పెరిగి 30,000కి వెళ్ళిందనుకోండి. ఐదు వేలే కదా అనిపిస్తుంది, వడ్డీ మాత్రం రెండున్నర రూపాయలు దాటిపోయింది. నోటితో ఒక్క మాట అన్నందుకు ముప్పావు రూపాయి పైన పెరిగింది. అందుకే పాటలో ఎంత అన్నామో కాదు, అది నూటికి ఎంత పడుతుందో లెక్కేసుకుని వెళ్ళాలి. లెక్క రాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలతో చేయించండి.

పక్కావిడ పెంచుతుంటే నేనూ పెంచుకుంటూ పోయా, ఇంటికొచ్చాక బాధేసింది. ఎందుకలా అవుతుంది?

గెలవాలనే పట్టుదల వల్ల. అప్పటిదాకా డబ్బు గురించి పాడుతున్నాం, ఆవిడ నవ్వి ఇంకో వెయ్యి పెంచగానే అది పరువు విషయం అయిపోతుంది. పైగా చీటీ మనకే వస్తుందని రెండు నిమిషాలు అనుకున్నాక వదిలేయాలంటే మన చేతిలోది ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. వచ్చేదాని సంతోషం కంటే పోయేదాని బాధ మనిషికి ఎక్కువ అని కానెమన్, ట్వర్‌స్కీ 1979లో రాసింది ఇలాంటిదాని గురించే.

మా వరండాలో పాటకి ఒక పెద్దావిడ వచ్చేది. ఇంట్లోనే ఒక కాగితం ముక్క మీద అంకె రాయించుకుని, మడిచి కొంగు చివర ముడేసుకుని వచ్చేది. పాట జోరు పెరిగినప్పుడు ఆ ముడి పట్టుకుని కూర్చునేది, అంకె దాటిందా, "నాది కాదమ్మా ఈ నెల" అని కాఫీ గ్లాసు అందుకునేది. వచ్చే నెల మళ్ళీ కొత్త కాగితం. ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

అందరూ ఒకేసారి గరిష్ఠానికి పాడేస్తే?

కంపెనీ చీటీల్లో పాటకి ఒక హద్దు ఉంటుంది, ఒకరికంటే ఎక్కువమంది అక్కడిదాకా వస్తే వాళ్ళలో లాటరీ తీస్తారు. మొదటి నెలల్లో ప్రతిసారీ ఇదే జరుగుతుంటే ఆ గ్రూపులో అప్పు కావాల్సినవాళ్ళే ఎక్కువ ఉన్నారని, దాచుకునేవాళ్ళు తక్కువని అర్థం.

మొదట్లోనే ఎక్కువ పోగొట్టుకుని పాడేవాళ్ళని అనుమానించాలా?

వెంటనే అనుమానించకండి, కానీ గమనించండి. జూన్ వస్తే ఫీజులు, పొలం ఉన్నవాళ్ళకి విత్తనాలు, శ్రావణంలో పెళ్ళిళ్ళు, అప్పుడు పాట పెరగడం సహజం, కారణం అందరికీ కనిపిస్తుంది. కారణం ఏంటో ఎవరికీ తెలియకుండా, ఎంతైనా సరే అని పాడేవాళ్ళ సంగతి వేరు. కట్టే ఉద్దేశం లేనివాడికి వడ్డీ ఎంతైతే ఏంటి? అతనికి 40 వేలు వదులుకున్నా లాభమే, ఎందుకంటే మిగతా వాయిదాలు అతను కట్టడు. వడ్డీ ఎంత పెరిగితే అంత మంచివాళ్ళు పక్కకి తప్పుకుని తెగించినవాళ్ళు మిగులుతారు, అప్పుల బజారులో ఇది పాత జబ్బు. అందుకే నడిపేవాళ్ళు ఎత్తినవాళ్ళ దగ్గర షూరిటీ అడుగుతారు, అడగని చోట మీరు చేరకండి.

ఆఖరిదాకా ఆగితే ఎప్పుడూ లాభమేనా?

చీటీ నిలబడితే లాభమే. పదిహేనో నెల దాకా ఎత్తకుండా ఉన్నారంటే మీరు 63,350 కట్టేసి ఉన్నారు, అదంతా వేరేవాళ్ళ చేతిలో ఉంది. ఆ నెల ఎత్తితే 94,000, ఆఖర్న ఎత్తితే లక్ష. ఆ ఆరు వేల కోసం ఐదు నెలలు ఆగాలి, నెలకి రూపాయి పావు పడుతుంది. నడిపేవాళ్ళ మీద పూర్తి నమ్మకం ఉంటే ఆగండి. కొంచెం గుచ్చుతున్నట్టు ఉన్నా పదమూడు, పధ్నాలుగు నెలల్లో తీసేసుకోండి. ఇక నడిమధ్య, పదో నెలలో ఎత్తినవాళ్ళు 85,000 తీసుకుని మొత్తం 87,150 కడతారు, రెండు వేల చిల్లర ఖర్చుతో పెద్ద మొత్తం చేతికొచ్చినట్టు. అవసరం ఉన్నవాళ్ళకి నేను ఎక్కువగా చెప్పేది ఆ నెలలే.

## ఎత్తాక

చీటీ డబ్బు చేతికి రాగానే ఎలా ఖర్చైపోతుందో తెలియట్లేదు

జీతం నుంచి ఐదు వేలు తీయాలంటే పదిసార్లు ఆలోచిస్తాం, చీటీ డబ్బు 85 వేలు ఒకేసారి వస్తే అది వేరే డబ్బులా, లాటరీ తగిలినట్టు అనిపిస్తుంది. మనసులో డబ్బుకి వేరే వేరే డబ్బాలు పెట్టుకుంటాం, ఏ డబ్బాలో పడితే అలా ఖర్చుపెడతాం. దీన్ని చూపించిన రిచర్డ్ థేలర్‌కి 2017లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు.

ఈ అలవాటుని తిట్టుకోకుండా వాడుకోండి. చీటీ వేసిన రోజే దానికి పేరు పెట్టండి, "ఇది బోరు చీటీ", "ఇది పాప ఇంజనీరింగ్ చీటీ" అని ఇంట్లో అందరి ముందూ అనండి. పేరున్న డబ్బుని టీవీ కొనడానికి వాడాలంటే చేయి రాదు. ఎత్తిన రోజు డబ్బు ఇంటికి తేకుండా నేరుగా బోరు మేస్త్రీకో కాలేజీకో కట్టేస్తే ఇంకా మంచిది.

ముందే ఎత్తి ఆ డబ్బు వడ్డీకి తిప్పితే లాభం కదా?

రూపాయి ముప్పావుకి తెచ్చి రెండు రూపాయలకి ఇస్తే మిగిలేది పావలా. 66 వేల మీద మొదటి నెల 165 రూపాయలు, తర్వాత నెల నెలా తగ్గుతూ పోతుంది. ఆ 165 కోసం మీరు ఇచ్చినవాడు ఎగ్గొడితే మొత్తం మీ మీద పడుతుంది, చీటీ వాయిదా మాత్రం ఆగదు. వద్దు.

"ఎత్తేశాం కదా, ఇంక కట్టకపోతే ఏం చేస్తారు" అంటున్నాడు మా తమ్ముడు

డబ్బు చేతికొచ్చాక మనిషికి పుట్టే ఆలోచన ఇది, మీ తమ్ముడొక్కడికే కాదు. చీటీలో కట్టుబాట్లు పెట్టుకున్నదే ఈ ఆలోచనకి అడ్డు వేయడానికి. రిజిస్టర్డ్ చీటీలో అయితే షూరిటీ ఇచ్చినవాళ్ళ జీతం దాకా వస్తారు, ఆ షూరిటీ సంతకం పెట్టింది బావగారో ఆఫీసులో ఫ్రెండో అయి ఉంటారు, వాళ్ళకి ఏం మొహం చూపిస్తాడు? వీధి చీటీలో అయితే కోర్టు లేదు కానీ వీధి ఉంది. కిరాణా కొట్లో ఖాతా ఆగిపోతుంది, రేపు ఇంట్లో శుభకార్యం అయితే పది వేలు సర్దేవాళ్ళు ఉండరు, పిల్లకి సంబంధం చూసేవాళ్ళు ముందు అడిగేది ఆ ఇంటి మాట ఎలాంటిదనే.

తమ్ముడికి లెక్కలా చెప్పండి. ఇప్పుడు మిగిలే నలభై వేలు ఒకవైపు, ఇంకో ముప్పై ఏళ్ళు ఊళ్ళో అవసరానికి పుట్టే డబ్బు ఇంకోవైపు. ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువగా ఊరు వదిలిపోయేవాళ్ళే ఎందుకవుతారంటే, వాళ్ళకి ఆ రెండోవైపు లేదు కాబట్టి. అతనికి నిజంగానే కట్టలేని ఇబ్బంది ఉంటే దాక్కోకుండా ముందే వెళ్ళి చెప్పమనండి, రెండు నెలలు సగం సగం కడతానంటే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ. ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

## తేడా వచ్చినప్పుడు

ఎనిమిది నెలలు కట్టేశా, నడిపేవాళ్ళ మీద అనుమానంగా ఉంది. ఇంత కట్టాక మానేస్తే ఎలా?

ఎనిమిది నెలల్లో మీరు కట్టింది 32,250. అది వెళ్ళిపోయిన డబ్బు, ఇవాళ నిర్ణయానికి దాంతో పని లేదు. ఇవాళ అడగాల్సింది ఒకటే, తొమ్మిదో వాయిదా కడితే అది తిరిగొస్తుందా. సినిమా బాలేదని తెలిసినా టికెట్ కొన్నాం కదా అని కూర్చుంటాం చూడండి, చీటీలో అలా కూర్చుంటే ఇంకో యాభై వేలు పోతాయి.

అనుమానం నిజమో కాదో తెలుసుకోడానికి మూడు చూడండి. పోయిన రెండు నెలల్లో పాడినవాళ్ళకి డబ్బు చెప్పిన రోజున అందిందా? పాట అందరి ముందు జరుగుతోందా, లేక "ఫలానా ఆయన పాడాడు" అని ఫోన్‌లో చెప్తున్నారా? ఉన్నది పూర్తికాకుండానే కొత్త చీటీలు వరసగా మొదలుపెడుతున్నారా? ఈ మూడోది నాకు అన్నిటికంటే భయం, పాత బాకీ కొత్త చీటీ డబ్బుతో కడుతున్నారని దాని అర్థం కావచ్చు.

అనుమానం గట్టిదైతే వచ్చే పాటలో ఎక్కువ వదులుకునైనా ఎత్తేసుకోండి. ఇచ్చేవాళ్ళ వైపు నుంచి తీసుకునేవాళ్ళ వైపుకి మారినట్టు, మీ డబ్బు మీ చేతిలో ఉంటుంది. కానీ ఎత్తాక వాయిదాలు ఆపకండి, చీటీ నడుస్తున్నంతకాలం మీరు కట్టేది మీలాంటి ఇంకో ఇంటి డబ్బే.

మునిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

రిజిస్టర్డ్ చీటీ అయితే ఆ గొడవ వినాల్సింది చిట్ రిజిస్ట్రారే, 1982 చట్టంలో 64వ సెక్షన్ కింద అక్కడే దరఖాస్తు పెట్టాలి. పాస్‌బుక్, రసీదులు, అగ్రిమెంటు తీసుకెళ్ళండి. రిజిస్ట్రేషన్ లేనిదైతే పోలీసు కంప్లయింట్, అదీ ఒక్కరే కాకుండా సభ్యులంతా కలిసి. ఫోన్‌పే, గూగుల్‌పే లో పంపిన నెలవారీ లెక్కలు, వాట్సాప్ గ్రూపులో పాట వివరాలు అన్నీ ఫోన్ మార్చకముందే దాచుకోండి, చేతికి క్యాష్ ఇచ్చి రసీదు లేనివాళ్ళకే ఎక్కువ కష్టం అవుతుంది. విడిగా వెళ్ళి నా ఒక్కడిదీ సెటిల్ చేయమని బతిమాలితే ఆ సందులో అందరి బలం పోతుంది.

వాట్సాప్ గ్రూపులో చీటీ, అందరూ ఫ్రెండ్స్ ఫ్రెండ్సే, చేరొచ్చా? అమెరికాలో కూడా వేస్తున్నారుగా

అమెరికాలో మనవాళ్ళే కాదు, మెక్సికో వాళ్ళు తాందా అని, కొరియా వాళ్ళు గ్యే అని, ఘానా వాళ్ళు సుసు అని ఇదే వేసుకుంటారు. అన్నిచోట్లా ఇది నిలబడింది ఒకరినొకరు రోజూ చూసుకునేవాళ్ళ మధ్యే. వాట్సాప్ గ్రూపులో ఆ చూసుకోవడం లేదు, గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోవడానికి ఒక్క క్షణం చాలు, ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికో ఇండియాకో వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. ఇరవై మందిలో మీకు ఇల్లు తెలిసినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. నేనైతే కనీసం పదిహేను మంది ఇల్లు తెలియకపోతే చేరను, చేరినా పది నెలలకి మించని చిన్న చీటీలోనే చేరతాను, ఎత్తినవాళ్ళు ప్రోనోటు రాసివ్వాలని మొదటిరోజే గ్రూపులో అడుగుతాను.